కొత్త పళ్లు, ముసలి పొట్టేలు

మా వైపు రాగిముద్దను నమలరు, మింగుతారు. చేత్తో తుంచి, పులుసులో అద్ది, గొంతులోకి జార్చడమే. నమిలేవాణ్ణి చూస్తే ఎక్కడివాడో అనుకుంటారు. ఆ పద్ధతి పెట్టిన పెద్దలెవరో గానీ, మా ఆయన వాళ్లకు పొద్దున్నే లేచి దండం పెట్టుకోవాలి. నోట్లో ఒక్క పన్ను లేకుండా ఏడాది పొడుగునా ఆయన్ని బతికించింది ఆ ముద్దే.

పళ్లన్నీ ఒకేసారి పోలేదు. ఒక్కొక్కటే సెలవు తీసుకుని, చివరికి ముందువైపు రెండు మిగిలాయి. ఆ రెండింటినీ పొట్టేలు రాలగొట్టిందని ఆయన అంటాడు. అవి అంతకుముందే ఊగుతూ ఉన్నాయని ఊరు అంటుంది. జరిగింది మాత్రం ఇది. పాలు పోసేచోట ఈయన వంగి క్యాను ఎత్తుకుంటున్నాడు. మా వీధి చివరి ఇంటివాళ్లు విత్తనానికని ఏళ్ల తరబడి పెంచిన పొట్టేలొకటి ఉండేది. కొమ్ములు మెలితిరిగి చెవుల చుట్టూ చుట్టుకుని, చూడ్డానికి కోర్టుకు తిరిగి తిరిగి మొండికెక్కిన మనిషిలా ఉండేది. అది ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి వెనుకనుంచి ఒక్కటి ఇచ్చింది. ఈయన వెళ్లి క్యాను మీద పడ్డాడు. పాలూ పోయాయి, పళ్లూ పోయాయి. అక్కడున్నవాళ్లు ముందు నవ్వి, తర్వాత లేపారు. పళ్లు పోయినదానికన్నా, ముందు నవ్వి తర్వాత లేపారన్నదే ఆయనకు నొప్పి.

ఆనాటినుంచి పంక్తిలో కూచోవడం మానేశాడు. పెళ్లికి పోతే అక్షింతలు వేసి, తాంబూలం తీసుకుని, ఆకలితో ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో కూడా గోడవైపు తిరిగి కూచునేవాడు. ఏడాదిపాటు నేను ఆయన వీపుకు అన్నం వడ్డించాను. వక్కాకు సంచి మాత్రం నడుముకు అలాగే ఉండేది. వక్క కొరకలేడు, సంచి వదలడు. కొత్త వక్కలు కొని మరీ నింపేవాడు.

ఈయన్ని ఇంకా లోపలికి నెట్టింది నా తమ్ముడు. వాడిది అత్తిముగం ఊరు. అరవై దాటినా ముప్పై రెండు పళ్లూ గట్టిగా ఉన్నాయి. సోడా మూత పళ్లతో తీస్తాడు, చింతగింజలు పటపట కొరుకుతాడు. బావమరిది కాబట్టి ఎగతాళి చెయ్యడానికి వాడికి పుట్టుకతోనే హక్కుంది. ఒక బంధువుల ఇంట్లో మా ఆయన్ని బలవంతాన పంక్తిలో కూచోబెట్టి, వడ్డించే పిల్లవాడితో, "బావకు ఎముక ఎయ్యొద్దప్పా, ఉత్త పులుసు పొయ్యి. పాపం, ఇంకా పండ్లు రాని బిడ్డ" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. మా ఆయన ఆకు మడిచి లేచి వచ్చేశాడు.

దీపావళి అయ్యాక మా కొడుకు ఆయన్ని హోసూరుకు తీసుకుపోయి పళ్ల సెట్టు కట్టించాడు. కొడుకు అక్కడే బండ్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, రోజూ బస్సులో పోయి వస్తాడు. డాక్టరు, "మొదట మెత్తటివి తినండి, తర్వాత నిదానంగా గట్టివి" అని చెప్పి పంపాడట. ఈయన వారం రోజులు ఆవుల కొట్టం వెనక నిలబడి బొరుగులు నమిలాడు. ఆ వారమంతా కారణం లేకుండా నవ్వేవాడు. చావింటికి పోయి కూడా నవ్వి, నాచేత తిట్లు తిన్నాడు.

బొరుగులు లొంగాక ఒక సాయంత్రం నాతో అన్నాడు:

"ఏమే, ధనుర్మాసం పుట్టకముందే నీ తమ్ముణ్ణి పిలిపించు. వాడి పక్కన కూచోని మాంసం తినాల నేను. ఎముక కూడా."

ధనుర్మాసం పుడితే మా ఇళ్లలో నెలంతా మాంసం ముట్టరు. ఉన్నది ఒక్క ఆదివారం. ఆయన మాట పైకి తమాషాగా ఉన్నా, గొంతు తమాషాగా లేదు. సరే అన్నాను. ఆ వీపును చూసి చూసి నాకూ విసుగు పుట్టింది.

అది సరిగ్గా పితికిపప్పు కాలం. చలికాలంలో మా ఉద్దనపల్లి వైపు మంచు ఎలా దిగుతుందంటే, పొద్దున బస్సు హారను ముందు వస్తుంది, చాలాసేపటికి బస్సు వస్తుంది. ఆ మంచుకు నానిన అనపకాయకే అసలు వాసన. గింజలు ఒలిచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్క గింజను వేళ్ల మధ్య పితికితే తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి దూకుతుంది. కొన్ని గిన్నెలోకి దూకవు, టీవీ మీదికి దూకుతాయి. ఆ పప్పూ పొట్టేలు మాంసమూ కలిపి నిదానంగా ఉడికించిన చిక్కటి పులుసును వేడి ముద్దతో తింటే, చలి ఇంటి గడప దాటి లోపలికి రాదు.

మాంసం మేము అంగట్లో కొనం. పది ఇళ్లవాళ్లు కలిసి ఒక పొట్టేలును తెచ్చి కోసి పోగులు వేసుకుంటాం. అరటాకుల మీద పది కుప్పలు, ప్రతి కుప్పలోనూ కాస్త కండ, కాస్త ఎముక, కాస్త కార్జం. ఏ పొట్టేలును తేవాలో ముందే మాట్లాడుకుంటారు. కుర్రవాళ్లందరూ కృష్ణగిరి సంతలో లేతది తెద్దామన్నారు. మా ఆయన లేచి నిలబడ్డాడట.

"సంతదేం తిన్నిందో ఎవురికి తెలుసు? వీధి చివరి పొట్టేలు మన కండ్ల ముందర పెరిగింది. అదేం తిన్నిందో మనకు తెలుసు."

"తెలుసు పెద్దప్పా," అన్నాడట ఒక కుర్రవాడు, "మీ పండ్లు తిన్నింది."

అంత నవ్వులోనూ ఆయన పట్టు వదల్లేదు. ముసలిదాన్ని వదిలించుకోవాలని దాని యజమానీ కాచుకుని ఉన్నాడు. అలా పొట్టేలు ఖాయమైపోయింది. ఇంటికి వచ్చి, పంచాయితీ గెలిచిన మనిషిలా కాళ్లు కడుక్కుని కూచున్నాడు.

"ఏమయ్యా, పగ తీర్చుకునేదానికి వేరే దారే దొరకలేదా?" అన్నాను. "విత్తనపు పొట్టేలు అది. అది ఉడికేదానికి నా ఆయుస్సు చాలదు."

"నిదానంగా ఉడికించు. తొందరేముంది?"

"మద్యాన్నానికి నా తమ్ముడు వస్తాండాడు. అదే తొందర. నీకు కొత్త పండ్లుండాయి గానీ, ఆ మాంసానికి కొత్త పండ్లు కాదు, రంపం కావాల."

ఆయన నవ్వాడు. అప్పటికి నవ్వడమే ఆయన జవాబు.

ఆదివారం తెల్లవారుజామునే పోగు ఇంటికి వచ్చింది. కడిగేటప్పుడే నా చేతికి తెలిసిపోయింది. లేత మాంసం నీళ్లలో జారుతుంది. ఇది నా చేతిని తోసింది. బతికున్నప్పుడు ఎట్లా తోసేదో చచ్చాకా అట్లాగే తోస్తోంది.

కోడలు వచ్చి, "అత్తా, కుక్కర్లో పెట్టేద్దాం" అంది. కోడలు కృష్ణగిరి పిల్ల. చదువుకున్నది. యాభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయంటే ఈ పిల్ల పుణ్యమే. సాయంత్రాలు అనపగింజలు ఒలుస్తూ నేర్పింది. ఆ రోజు తన ఫోను నా ముందు పెట్టింది. అందులో ఒకాయన మటన్ వండుతున్నాడు. కింద అక్షరాలు ఉన్నాయి. ఒక్కొక్కటే కూడబలుక్కుని, "ఇరవై నిమిషాల్లో వెన్నలాంటి మటన్" అని చదివేసరికి ఆయన వండడం అయిపోయి తింటున్నాడు.

"ఈయనకు మన పొట్టేలు తెలీదమ్మా," అన్నాను.

కోడలు ఊరుకోలేదు. పరీక్షకని గుప్పెడు ముక్కలు కుక్కర్లో వేసింది. అది కూసి, కూసి, ఎదురింటామె తలుపు తీసి ఏమైందని చూసేదాకా కూసింది. మూత తీస్తే నీళ్లు సగం అయ్యాయి, కుక్కరు రబ్బరు సాగిపోయింది, ముక్కలు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి. కోడలు ఒకదాన్ని కొరికి చూసి, బయటికి పోయి ఉమ్మి వచ్చింది.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి వెలిగించి మట్టి చట్టి ఎక్కించాను. మా అమ్మ పద్ధతి ఒకటే: మాంసాన్ని బెదిరించకూడదు, బతిమాలుకోవాలి. ముందు కొవ్వు ముక్కలు వేసి కరిగించాను. అందులోనే ఉల్లిగడ్డలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేగనిచ్చి, మాంసం, పసుపు, ఉప్పు వేశాను. దాని నీళ్లు దాన్నే వదలనిచ్చాను. చట్టి మూతిమీద వెడల్పాటి పళ్లెం పెట్టి, అందులో నీళ్లు పోశాను. పళ్లెంలో నీళ్లు కాగుతూ ఉంటాయి, లోపల ఇంకినప్పుడల్లా ఆ వేడినీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే మాంసానికి కోపం వస్తుంది. కింద చింత మొద్దు. అది మండదు, ఊరికే ఎర్రగా కూచుని ఉంటుంది. ఒక కొబ్బరి చిప్ప ముక్క కూడా చట్టిలో వేశాను. ముదురు మాంసానికి అది మందు. ఉడికాక గుర్తుగా తీసెయ్యాలి.

మసాలా వేయించాను, నూరాను. ధనియాలు, ఎండుమిరప, చెక్క, లవంగం, కొబ్బరి. అదంతా అయి, ఎండ మంచును కాస్త చింపి, మంచు మళ్లీ అతుక్కున్నాక ఒక ముక్క తీసి వేళ్లతో నొక్కాను. అచ్చం చెప్పు అడుగులా ఉంది.

అప్పుడే ఎదురింటామె చలి కాచుకోవడానికి పొయ్యి దగ్గరికి వచ్చి కూచుంది. చేతులు చాపి, చట్టిలోకి తొంగిచూసి, "ఏమక్కా, ఉడికిందా?" అంది.

పొయ్యి మీదున్న మాంసాన్ని ఉడికిందా అని అడగకూడదు. అడిగితే ఉడకదు. ఈ సంగతి మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమెకూ తెలుసు. నోరు జారాక నాలుక కరుచుకుంది.

"నేను మామూలుగా అడిగినాను అక్కా, మనసులో ఏం లేదు."

"మనసులో లేంది నోట్లోకి యాడ నించి వచ్చింది?" అన్నాను.

ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి చట్టి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేశాను. మిరప ఘాటుకు నేనూ, ఆమే, కొట్టంలో ఆవులూ దగ్గాం. మాంసానికి ఏమీ కాలేదు.

మా ఆయన పొద్దుటినుంచి పొయ్యి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఉతికిన పంచె, కొడుకు కొనిపెట్టిన స్వెట్టరు, నోటినిండా పళ్లు. నోరు తెరిచి అడిగితే దిష్టి అని అడగడం లేదు గానీ, నా ముఖం చూస్తున్నాడు. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, నెమ్మదిగా నవ్వడం మానేశాడు. ఒకసారి నేను రాగిపిండికని లోపలికి పోయి వచ్చేసరికి చట్టి పక్కన నిలబడి, నడుము దగ్గర ఏదో దోపుకుంటున్నాడు. పళ్లెం కాస్త పక్కకు జరిగి ఉంది.

"ఏం చేస్తాండావు ఆడ?"

"చలి కాచుకుంటాండా."

"మూత తీసి కాచుకుంటారా చలి?"

ఆయన గొంతు తగ్గించి, "మెత్తబడకపోతే చెప్పెయ్యవే," అన్నాడు. "వాడు వచ్చేలోపల నాకు కడుపునొప్పి అని పండుకుంటా. ముద్దే తింటాలే, గోడ పక్కన."

పొగ పోయి నా కళ్లు మండాయి. "సుమ్నె ఊరికే ఉండప్పా," అన్నాను. "నీ కడుపునొప్పి నా చట్టి మీదికి తీసుకురావద్దు." మొద్దును ఇంకొంచెం లోపలికి తోశాను.

నా తమ్ముడు మంకీ టోపీ పెట్టుకుని, మంచులోంచి మొదట గొంతుగా, తర్వాత మనిషిగా వచ్చాడు.

"ఏం బావా! కొత్త పండ్లంట! యాడ, చూపించు!"

మా ఆయన చూపించాడు. తమ్ముడు ఎద్దుకు పళ్లు చూసినట్టు వంగి ఆ వైపూ ఈ వైపూ చూశాడు.

"బ్రెమ్మాండంగా ఉండాయి బావా. పెండ్లినాడే ఇట్లాంటివి ఉండింటే మా అక్క తల ఎత్తి చూసుండును. అవునూ, ఇవి తినేదానికా, ఫోటోకా?"

"మద్యాన్నం తెలుస్తుందిలే," అన్నాడు మా ఆయన. ఆ మాట అంటూ నావైపు చూశాడు.

మధ్యాహ్నం వచ్చింది. మాంసం రాలేదు. తమ్ముడు ఒకసారి వక్క అడిగి కటుక్కున కొరికి చూపించాడు. ఇంకోసారి చెరుకుగడ చీల్చి చూపించాడు. చూపించడానికి ఇంకేమీ దొరకక పెరట్లోకి వచ్చాడు.

"అక్కా, ఆ పొట్టేలు ఉడికేలోపల మేమే ఉడికిపోతాం. ఆకలికి చూపు ఆనడంలేదు."

"పోయి కూచోరా. ఏళ్ల తరబడి గట్టిపడిందాన్ని ఒక్క పూటలో మెత్తబడమంటే ఎట్ల?"

"బావను పొడిచిన పొట్టేలంట గదా ఇది. ఊరంతా చెప్పుకుంటాండారు."

ఎప్పుడు ఏమైందో చెప్పలేను. పొద్దు వాలుతున్నప్పుడు ఒక ముక్క తీసి వేళ్ల మధ్య పెట్టాను. నొక్కలేదు. ఊరికే పెట్టాను. అది రెండుగా విడిపోయింది. ఇంకొకటి తీశాను. ఎముక చేతిలో మిగిలింది, కండ తనంతట తాను జారి చట్టిలో పడింది. గబగబా పితికిపప్పు వేసి, మసాలా కలిపి, పప్పు ఉడికేదాకా దగ్గరే నిలబడ్డాను. కొబ్బరి చిప్ప ముక్కను గుర్తుగా తీసి పారేశాను. ఆ వాసనకు ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు.

కోడలు ముద్దలు చుట్టింది. మగవాళ్లిద్దరూ పక్కపక్కన కూచున్నారు. మా ఆయన ఏడాది తర్వాత గోడకు వీపు పెట్టి, ముఖం మావైపు పెట్టి కూచున్నాడు. కొడుకు డ్యూటీకి పోయాడు, వాడి వాటా వేరుగా తీసిపెట్టి, నేనే ఇద్దరికీ వడ్డించాను. ఆయన కంచంలో మంచి నల్లి ఎముక వేశాను.

తమ్ముడు ముక్క చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. నేను గరిటె పట్టుకుని చూస్తున్నాను. కోడలు గడపలో నిలబడి చూస్తోంది. మా ఆయన ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దవడ ఒకసారి కదిలింది. రెండోసారి కదిలింది.

అప్పుడు వినిపించింది. టక్!

గరిటె నా చేతిలోంచి జారింది. కోడలు "మామా!" అంది. మా ఆయన కళ్లు తెరిచి, చేత్తో నోరు మూసుకున్నాడు. వేలు లోపల పెట్టి తడుముకున్నాడు. పైవరుస ఉంది. కిందవరుస ఉంది. అన్నీ ఉన్నాయి. మెల్లగా తల తిప్పి పక్కకు చూశాడు.

పక్కన నా తమ్ముడు చెంప పట్టుకుని ఉన్నాడు. చూపించడానికి మొదటి ముక్కనే పెద్ద చప్పుడుతో కొరికాడు పాపం. కంచంలోకి ఉమ్మాడు. పన్ను సగం ముక్క ఒకటి. దాని పక్కన, ఎక్కడా గీత కూడా పడకుండా, గుండ్రంగా, ఒక వక్క.

"అక్కా!" అన్నాడు. "పొట్టేలు వక్క తిన్నిందా?"

"నేను చిప్ప ముక్క ఒక్కటే ఏసినాను, అది తీసేసినాను," అన్నాను.

కోడలు ఏడుపు గొంతుతో, "నేను బొప్పాయికాయ తురుము ఏసినాను అత్తా. నువ్వు మసాలా నూరేటప్పుడు. వక్క నాది కాదు!" అంది.

ఈ ఇంట్లో వక్క ఎవరి నడుముకు ఉంటుందో చెప్పాల్సిన పని లేదు. ముదురు మాంసంలో వక్క వేస్తే మెత్తబడుతుందని మా వైపు మగవాళ్లకు కూడా తెలుసు. వేసినదాన్ని తీయాలని మాత్రం ఆడవాళ్లకే తెలుసు. ముగ్గురం ఆయనవైపు తిరిగాం. ఆయన ఇంకా నములుతున్నాడు. తొందర లేకుండా, ఆ వైపు కొంచెం, ఈ వైపు కొంచెం. మింగాడు. తర్వాత ఎంతో మర్యాదగా అన్నాడు:

"మెల్లగా తినండప్పా. ఇంకా రెండుండాల."

తమ్ముడు చెంప పట్టుకునే నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పి పుడితే తిట్టు, తిడితే మళ్లీ నవ్వు. నేను చట్టిలో గరిటెతో వెతికి మిగిలిన రెండు వక్కలూ పట్టుకున్నాను. మా ఆయన వాటిని కడిగి తిరిగి సంచిలో వేసుకోబోతే చేతిమీద ఒకటి ఇచ్చాను. ఆ పూట ఆయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. నల్లి ఎముకను కంచం అంచుకు తట్టి, మూలుగ పీల్చి, ఎముకను తమ్ముడికి కనిపించేలా పక్కన నిలబెట్టాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ మంచులో హోసూరు బస్సు ఎక్కారు. తమ్ముడు దవడకు మఫ్లరు కట్టుకున్నాడు. మా ఆయన దారి చూపించే పెద్దమనిషి. "నాకు తెలిసిన డాక్టరుండాడు. నేను చెప్తాలే, నీకు మంచిగా చేస్తాడు" అంటున్నాడు. మిగిలిన సగం పన్నును పీకించి సాయంత్రానికి వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు.

దీపం పెట్టేవేళ ఇద్దరికీ ముద్దా పులుసూ వడ్డించాను. నా తమ్ముడు చెంప ఉబ్బి, నోటికి ఒకవైపు పత్తి పెట్టుకుని, మాట పెగలక, కంచం తీసుకుని గోడవైపు తిరిగి కూచున్నాడు.

మా ఆయన చాలాసేపు వాడి వీపు చూశాడు. ఆ వీపు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. లోపలినుంచి ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు.

"ఇట్ల తిరిగి కూచో అప్పా," అన్నాడు. "ఈడ ఎవరూ నవ్వరు. ముద్దే గదా, నమలొద్దు, మింగు."

తమ్ముడు మెల్లగా ఇటు తిరిగాడు. ఒకవైపు చెంప గుమ్మడికాయలా ఉంది. మా ఆయన దాన్ని చూశాడు. పెదాలు బిగించాడు. ఎంత బిగించినా ఆగలేదు. పైవరుసా కిందవరుసా అన్నీ కనిపించేలా నవ్వేశాడు.